రైతు డబ్బులు పడ్డాయా, పడలేదా? డెల్టా రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ, పంట నష్టం, బీమా, ధాన్యం డబ్బులు.. మన ఊళ్ళల్లో వీటన్నిటికీ ఒకటే పేరు, "రైతు డబ్బులు". కానీ ఒక్కోదానికి ఒక్కో రూలు, ఒక్కో కాగితం. పైగా మన దగ్గర పొలం ఒకరిది, వ్యవసాయం ఇంకొకరిది. ఈ పథకాల్లో కొన్ని పట్టా మీద పేరు చూసి ఇస్తారు, కొన్ని చేలో పంట చూసి ఇస్తారు. ఏది ఏ రకమో తెలిస్తే సగం గొడవ అక్కడే తీరిపోద్ది. అమలాపురం వైపు నుంచి భీమవరం వైపు దాకా జనం అడిగేవే ఇవి, అడిగినట్టే పెట్టాను.

ఏడాదికి మొత్తం ఎంత రావాలండీ?

భూమి ఉన్న రైతు కుటుంబానికి 20,000. అందులో 6,000 కేంద్రానిది, అదే పీఎం కిసాన్, 2,000 చొప్పున మూడుసార్లు వేస్తారు. మిగతా 14,000 రాష్ట్రానిది, అదే అన్నదాత సుఖీభవ, 5,000, 5,000, 4,000గా. రెండూ కలిపి వేస్తున్నారు కాబట్టి 2025 ఆగస్టు 2న దర్శి దగ్గర మొదలెట్టినప్పుడు 7,000, నవంబర్ 19న ఇంకో 7,000 పడ్డాయి, మూడో విడత 6,000 లెక్క. అరెకరం ఉన్నా పదెకరాలున్నా కుటుంబానికి అంతే. ఖమ్మంలో మా వియ్యంకుడికి ఎకరాల లెక్కన వస్తున్నాయి కదా అంటారు కొందరు, అది తెలంగాణ రైతు భరోసా, దాంతో మనకి సంబంధం లేదు.

పేర్ల గందరగోళం కూడా ఉంది. 2019 ఫిబ్రవరిలో ఇదే అన్నదాత సుఖీభవ పేరు విన్నాం, ఆ ఏడాది అక్టోబరుకి అది వైఎస్సార్ రైతు భరోసా అయ్యింది 13,500తో, ఇప్పుడు మళ్ళీ పాత పేరు. పేరు ఏదైనా అందులో కేంద్రం వాటా మాత్రం 2019లో 6,000, ఇప్పుడూ 6,000. ఈలోగా నాట్ల కూలి ఎంత పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పక్కింటాయనకి పడ్డాయి, నాకు పడలేదు. ఏం చెయ్యాలి?

ముందు స్టేటస్ చూడండి, ఆ తర్వాత తిట్టుకోవచ్చు. పీఎం కిసాన్ సైట్లో "నో యువర్ స్టేటస్" అని ఉంటది, రిజిస్ట్రేషన్ నంబరు కొడితే మూడు విషయాలు చూపిస్తది: ల్యాండ్ సీడింగ్, ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంక్ సీడింగ్. మూడూ "ఎస్" అని ఉండాలి. ఒక్కటి "నో" ఉన్నా డబ్బు ఆగిపోద్ది. రాష్ట్రం డబ్బుకి అన్నదాత సుఖీభవ సైట్లో ఆధార్ నంబరు కొట్టి చూడొచ్చు, ప్రభుత్వం పెట్టిన మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో కూడా చూపిస్తది.

ల్యాండ్ సీడింగ్ "నో" అంటే వెబ్‌ల్యాండ్‌లో, అదే రెవెన్యూ వాళ్ళ ఆన్‌లైన్ భూమి రికార్డులో, మీ భూమి ఖాతాకి ఆధార్ తగిలించి లేదనో, తప్పు తగిలించారనో అర్థం. అది వీఆర్వో పని, బ్యాంకుకెళ్ళి లాభం లేదు. ఎక్కువమంది అక్కడే పొరపాటు పడి బ్యాంకు చుట్టూ తిరుగుతారు. రీసర్వే అయిన ఊళ్ళల్లో ఇంకో చిక్కు ఉంది. పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లొచ్చాయి, కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి పొలం కలిపి ఒకటే జాయింట్ ఎల్పీఎం వేసేశారు. మీ పట్టాదారు పాస్‌బుక్‌లో నంబరూ వన్‌బీలో (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు) నంబరూ ఒకటేనో కాదో ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఈ-కేవైసీ, అంటే ఆ రైతు మీరేనని రుజువు, మూడు రకాలుగా అవుద్ది, ఫోన్‌కి ఓటీపీ, లేదంటే వేలిముద్ర, లేదంటే యాప్‌లో మొహం. వేలిముద్ర దగ్గర మనవాళ్ళకి కష్టం, అరవై దాటినోళ్ళకి, ఊడ్పులకీ కుప్పనూర్పులకీ వెళ్ళే ఆడోళ్ళకి వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద వేలు పెట్టడం, ఎర్ర లైటు, చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టడం, మళ్ళీ ఎర్ర లైటు. అలాంటోళ్ళని మళ్ళీ మళ్ళీ తిప్పకండి, పీఎం కిసాన్ యాప్‌లో మొహంతో అయిపోద్ది, 2023 నుంచే ఉంది అది. పక్కన స్మార్ట్‌ఫోన్ ఉన్న మనవడు ఉంటే చాలు, వెలుతురులో కూర్చోబెట్టి రెప్ప వెయ్యమంటే చాలు.

ఇది కాకుండా ఫార్మర్ రిజిస్ట్రీ అని కొత్తది, రైతుకి 11 అంకెల నంబరు ఇస్తున్నారు. రైతు సేవా కేంద్రంలో చేస్తారు, మొన్నటిదాకా మనం ఆర్బీకే అనేవాళ్ళం కదా అదే. పాస్‌బుక్, ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్ పట్టుకెళ్తే సరి.

పాత గ్రామీణ బ్యాంకు ఖాతా ఇచ్చాను, అది ఇప్పుడు వేరే పేరు అయ్యింది. డబ్బు ఎక్కడికి పోయినట్టు?

ఎక్కడికీ పోదు. 2025 మే 1న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు, రాష్ట్రంలో మిగతా మూడు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి, అంతకుముందు 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఈ డబ్బులు పడేది ఖాతా నంబరు చూసి కాదండి, ఆధార్ చూసి. మీ ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకి లింక్ అయ్యిందో ఆ ఖాతాలో పడతాయి. గ్యాస్ సబ్సిడీ కోసమో డ్వాక్రా కోసమో ఎప్పుడో ఇంకో ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటారు, రైతు డబ్బులు కూడా నిశ్శబ్దంగా అందులో పడుతుంటాయి. పడలేదని గొడవ పెట్టుకునేముందు ఇంట్లో ఉన్న పాస్‌బుక్కులన్నీ ఎంట్రీ వేయించండి. ఏ బ్యాంకుకి లింకయ్యిందో ఆధార్ సైట్లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" దగ్గర చూడొచ్చు. ఏదీ లేదని వస్తే పోస్టాఫీసులో ఖాతా తెరుచుకోవడం సులువు.

మా నాన్నగారు పోయారు, పొలం ఇంకా ఆయన పేరునే ఉంది. నేను పెట్టుకోవచ్చా?

పొలం మీ పేరున మారేదాకా కుదరదు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని సచివాలయంలో మ్యుటేషన్, అంటే పేరు మార్పు, పెట్టండి. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళ సంతకాలు కావాలి, ఆలస్యం అయ్యేది అక్కడే, ఆఫీసులో కాదు. అక్క హైదరాబాద్‌లో, తమ్ముడు కువైట్‌లో, సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు చూద్దాంలే అని వాయిదా. సంక్రాంతికొస్తే కోడిపందేలు, పేకాట, మూడోరోజు తిరుగు ప్రయాణం. అలా ఏళ్ళు గడిచిపోతాయి.

పీఎం కిసాన్‌కి ఒక తేదీ ఉంది, 2019 ఫిబ్రవరి 1. ఆ రోజుకి పొలం ఎవరి పేరున ఉందో వాళ్ళకే. ఆ తర్వాత కొనుక్కున్న పొలానికి కేంద్రం డబ్బు రాదు, వారసత్వంగా వస్తే మాత్రం మినహాయింపు. కాబట్టి నాన్నగారి పొలం ఆలస్యంగా మార్చుకున్నా ఆ దారి మూసుకుపోలేదు.

పోయినాయన ఖాతాలో డబ్బులు పడుతూనే ఉన్నాయి, తీసుకుంటే ఏమవుద్ది అని కూడా అడుగుతారు. తర్వాత లెక్క తేలితే తిరిగి కట్టమంటారు, నోటీసు ఇంటికే వస్తది.

మా ఆవిడ పేరున రెండెకరాలు, నా పేరున రెండెకరాలు. ఇద్దరికీ వస్తాయా?

రావు. భార్య, భర్త, మైనరు పిల్లలు కలిపి ఒక కుటుంబం, ఒకళ్ళకే. పెళ్ళయి వేరు కాపురం ఉన్న కొడుక్కి సొంత పట్టా ఉంటే వాడిది వేరే లెక్క.

ఉద్యోగం, పెన్షన్, ఇన్‌కమ్ ట్యాక్స్.. వీటిల్లో ఏది ఉంటే రాదు?

ప్రభుత్వ ఉద్యోగి, రిటైరైనా సరే, రాదు, నాలుగో తరగతి సిబ్బందికి మినహాయింపు. నెలకి 10,000, ఆపైన పెన్షన్ తీసుకునేవాళ్ళకి రాదు. ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు, లాయర్లు, సీఏలు, ఇంజనీర్లు, మాజీ, ఇప్పటి ఎమ్మెల్యేలు, ఎంపీలు వీళ్ళకీ రాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినోళ్ళకి కూడా. ఇక్కడ మనోళ్ళు ఎక్కువ దెబ్బతింటున్నారు. ట్రాక్టర్ లోన్‌కో ఇంటి లోన్‌కో కావాలని ఆడిటర్ దగ్గర రిటర్నులు వేయిస్తారు, పేరు లిస్టులో ఎర్రగా వస్తది. రూలు ప్రకారం పన్ను కట్టినవాళ్ళకే రాదు, జీరో రిటర్ను వేసినోళ్ళకి కాదు. రిటర్ను కాపీ పట్టుకుని మండల వ్యవసాయ ఆఫీసులో అర్జీ పెట్టండి, నోటితో చెబితే ఎవరూ వినరు.

నేను కౌలు రైతుని. సెంటు భూమి లేదు. నాకేం వస్తది?

మన డెల్టాలో అసలు ప్రశ్న ఇదే. గట్టు మీద నిలబడి ఈ చేను ఎవరు ఊడ్చారు అని అడిగితే సగానికి సగం పైన కౌలుదారుల పేర్లే వినిపిస్తాయి.

కేంద్రం పీఎం కిసాన్ కౌలు రైతుకి పైసా ఇవ్వదు, అది పట్టా చూసి ఇచ్చే డబ్బు. రాష్ట్రం మాత్రం కౌలు రైతుని కూడా చేర్చింది, కానీ రెండు కాగితాలు ఉండాలి, సీసీఆర్సీ కార్డు, ఈ-పంటలో (ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ఎక్కించే రికార్డు) మీ పేరు. సీసీఆర్సీ అంటే పంట సాగుదారు హక్కు పత్రం, 2019 చట్టంతో వచ్చింది, 11 నెలలు చెల్లుద్ది, యజమాని సంతకం ఉండాలి. అంతకుముందు 2011 చట్టంలో ఎల్ఈసీ, అంటే రుణ అర్హత కార్డులు ఉండేవి, దానికి యజమాని ఒప్పుకోలు అక్కర్లేదు, ఊళ్ళో విచారించి ఇచ్చేసేవారు. సంతకం రూలు పెట్టిన దగ్గర్నుంచి కౌలుదారుడు యజమాని గుమ్మం దగ్గర నిలబడాల్సి వస్తంది. ఆయన ఊళ్ళో ఉంటే సరే, కూకట్‌పల్లిలోనో డల్లాస్‌లోనో ఉంటే ఏ గుమ్మం దగ్గర నిలబడతాడు?

కార్డు ఒక్క అన్నదాత సుఖీభవకే అనుకోకండి. కార్డు ఉంటే ఈ-పంట మీ పేరున ఎక్కుద్ది, ఈ-పంట మీ పేరున ఉంటే పంట నష్టం డబ్బు, బీమా, ధాన్యం డబ్బు అన్నీ మీ ఖాతాకి వస్తాయి. కార్డు లేకపోతే ఈ-పంట యజమాని పేరున ఎక్కించేస్తారు. తుపాను వస్తే చేను మీది పడిపోద్ది, డబ్బులు ఆయనకి పడతాయి. మంచి యజమాని తెచ్చి చేతిలో పెడతాడు, అలాంటోళ్ళు ఉన్నారు. కౌలు బాకీలో జమేసుకుంటానన్నవాళ్ళూ ఉన్నారు. దాళ్వా (రబీ వరి) కౌలు బస్తాలు ముందే కొలిచి ఇచ్చినవాడికి కూడా ఆ మాట చెప్పినోళ్ళని చూశాను.

యజమానిని అడిగేటప్పుడు ఒక్కడే వెళ్ళకండి. కౌలు మాట్లాడిన పెద్దమనిషి ఉంటాడు కదా, ఆయన్ని తీసుకెళ్ళండి, ఫారం ముందే నింపి పట్టుకెళ్ళండి, సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులకి ముందే అడగండి. చేను ఊడ్చేశాక అడిగితే ఆయనకి తొందర ఉండదు, అవసరం అంతా మీదే అవుద్ది.

నేను భూమి గలవాణ్ణి. కార్డు మీద సంతకం పెడితే రేపు పొలం నాదంటాడేమో?

అనలేడండి. ఆ పత్రంలోనే రాసి ఉంటది, ఇది 11 నెలల సాగు వరకే, భూమి మీద హక్కు ఏమీ రాదని. మీ పాస్‌బుక్‌లోనూ వన్‌బీలోనూ ఏమీ మారదు, మీ పీఎం కిసాన్ మీకు వస్తూనే ఉంటది. కౌలుదారుడికి రక్షణ ఇచ్చిన పాత టెనెన్సీ చట్టం రోజుల భయం ఇంకా మన పెద్దాళ్ళల్లో పోలేదు, అందుకే ఏటా కౌలుదారుణ్ణి మార్చేవాళ్ళు కూడా ఉన్నారు.

నిజంగా ఆలోచించుకోవాల్సింది అప్పు గురించి. ఒకే పొలం మీద మీరూ పంట రుణం తీసుకుని కౌలుదారుడూ తీసుకోవడం కుదరదు. సొసైటీలో మీ పేరున లోను ఉందంటే అతనికి బ్యాంకు ఇవ్వదు. చాలామంది సంతకానికి వెనకాడేది ఇందుకే, పొలం పోద్దని కాదు. ఆ ముక్క పైకి చెప్పరంతే.

దేవుడి మాన్యం చేస్తున్నాను. లంకలో చేస్తున్నాను. మా సంగతి?

దేవాదాయ భూమికి యజమాని గుడి, అంటే సంస్థ, కాబట్టి పీఎం కిసాన్ రాదు. రాష్ట్రం రైతు భరోసా రోజుల్లో దేవాదాయ భూములు చేసేవాళ్ళని కూడా చేర్చింది. ఇప్పుడు కూడా ఈవో దగ్గర వేలం కాగితం, కౌలు కట్టిన రసీదు జాగ్రత్తగా పెట్టుకుని ఈ-పంట మీ పేరున ఉండేలా చూసుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే.

గోదావరి మధ్యలో ఉండే లంకల సంగతి ఇంకా చిక్కు. డీ-పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన పట్టా, ఉండి వెబ్‌ల్యాండ్‌లో ఎక్కితే సరే. పట్టా లేకుండా తాతల నాటి నుంచి అరటో కూరగాయలో వేసుకునేవాళ్ళకి పట్టా చూసి ఇచ్చే డబ్బు ఏదీ రాదు. ఇంకొందరికి తిరగేసి ఉంది, వరదకి గట్టు కోసుకుపోయి నేల గోదావరిలో కలిసిపోయింది, వెబ్‌ల్యాండ్‌లో మాత్రం ఎకరం ఎకరంలాగే ఉంది, డబ్బు పడుతుంది. ఏటి అడుగున ఉన్న ఎకరానికి పడుతున్న డబ్బు, ఒడ్డున అరటి వేసినవాడికి పడట్లేదు.

పొలం చెరువు చేశాం. ఇంకా వస్తుందా?

వ్యవసాయానికి వాడని భూమికి ఇవి రావు, రొయ్యల చెరువైనా చేపల చెరువైనా. కాగితం మీద ఇంకా వరి పొలంలా ఉండి కొందరికి పడుతున్నాయి, తనిఖీలో తేలేదాకా అంతే.

ఈ-పంట ఎప్పుడు చేయించాలి, ఎవరు చేస్తారు?

ఊడ్పులయ్యాక రైతు సేవా కేంద్రం అసిస్టెంటు చేలోకి వచ్చి యాప్‌లో ఫొటో తీసి, పంట, విస్తీర్ణం, రకం ఎక్కిస్తాడు. తర్వాత మీరు వేలిముద్ర వెయ్యాలి, చాలామంది ఇది మర్చిపోతారు. ఫొటో తీశారు కదా అయిపోయిందనుకుంటారు. వేలిముద్ర పడకపోతే ఆ ఎంట్రీ పక్కా కాదు. తర్వాత లిస్టు కేంద్రంలో అతికిస్తారు, వెళ్ళి మీ పేరు, ఎన్ని సెంట్లు, ఏ రకం అన్నీ చదవండి. స్వర్ణ వేస్తే ఇంకేదో రాసి ఉండటం, ఎకరం డెబ్భైకి ఎకరమే ఉండటం, ఇవన్నీ మామూలే. లిస్టు గోడ మీద ఉన్నప్పుడు దిద్దించడం తేలిక, తుపాను వచ్చాక కష్టం.

సార్వా వెయ్యకుండా వదిలేశాను. డబ్బు ఆగిపోద్దా?

పీఎం కిసాన్ ఆగదు, దానికి పంట వేశారా లేదా అని చూడరు. ఈ-పంటలో పేరుండదు కాబట్టి బీమా, పంట నష్టం మాత్రం ఉండవు. 2011లో కోనసీమలో వేల ఎకరాలు క్రాప్ హాలిడే అని బీడు పెట్టేశారు, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. గిట్టుబాటు, కూలీల కొరత, ముంపు అన్నీ అప్పుడు రాసుకున్నారు. కౌశిక డ్రెయిన్, కూనవరం డ్రెయిన్ పక్క ఊళ్ళవాళ్ళని ఇప్పుడు అడగండి, గుర్రపుడెక్క తియ్యకపోతే సార్వా దండగే అంటారు.

ముంపులో చేను పోయింది. నష్టం డబ్బు వేరు, బీమా వేరా?

వేరే. రెండూ కలిపేసుకోకండి.

పంట నష్టం డబ్బు, అంటే ఇన్‌పుట్ సబ్సిడీ, ప్రభుత్వం ఇచ్చేది, దీనికి ప్రీమియం ఉండదు. 33 శాతం పైన పంట పోయిందని టీము వచ్చి రాయాలి. కేంద్రం లెక్కలో నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకి 17,000, 2024 వరదలప్పుడు రాష్ట్రం వరికి హెక్టారుకి 25,000 చేసింది, అంటే ఎకరాకి 10,000. కేంద్రం లెక్క రెండు హెక్టార్ల దాకానే. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మనవైపు చేలు ఈనిక మీదా పాలు పోసుకునే దశలోనూ ఉన్నాయి. నిలబడి ఉన్నా తాలు పోయిన చేను గట్టు మీంచి చూస్తే పచ్చగానే కనిపిస్తది. టీము వచ్చినప్పుడు దగ్గరుండి నాలుగు కంకులు తెంపి నలిపి చూపించండి. నీళ్ళు ఉన్నప్పుడే ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

బీమాకి ప్రీమియం కట్టాలి. కొన్నేళ్ళు రైతు వాటా కూడా రాష్ట్రమే కట్టింది, 2024-25 రబీ నుంచి మళ్ళీ మనమే కట్టుకోవాలి, ఖరీఫ్ వరికి బీమా మొత్తం మీద 2 శాతం, రబీకి 1.5 శాతం. లోను ఉంటే బ్యాంకే కోస్తది, కోసిందో లేదో అడిగి రాయించుకోండి. ఇక్కడ మెలిక ఏంటంటే వరికి ఊరు మొత్తం ఒక యూనిట్. ఊళ్ళో కొన్ని మడులు కోసి తూచి సగటు తీస్తారు, ఆ సగటు పడిపోతేనే అందరికీ వస్తది. మీ ఒక్కరి చేను పూర్తిగా పోయినా ఊరి సగటు బాగుంటే రాదు. కోసి పనల మీద ఉన్న చేను తడిస్తే మాత్రం వేరే, 14 రోజుల లోపు అయితే విడిగా చూస్తారు, కానీ 72 గంటల్లోపు 14447కి ఫోన్ చేసి చెప్పాలి. వరి ముంపుని ఇలా విడిగా చూడటం 2018లో తీసేశారు, 2026 ఖరీఫ్ నుంచి మళ్ళీ పెడతామని కేంద్రం 2025 నవంబర్లో చెప్పింది. డెల్టాకి ముంపు తీసేసి మిగిలిందేంటో ఆ తీసేసినోళ్ళకే తెలియాలి.

ధాన్యం డబ్బు కూడా సబ్సిడీయేనా?

కాదు, అది మీ పంట డబ్బు. 2025-26కి మద్దతు ధర క్వింటా 2,369, ఏ గ్రేడు 2,389. మన 75 కేజీల బస్తాకి ఇంచుమించు 1,777, ఏ గ్రేడైతే 1,792. తేమ 17 శాతం దాటకూడదు. ఇక్కడ కూడా ఈ-పంటలో ఎవరి పేరుంటే వాళ్ళ ఖాతాకే. కార్డు లేని కౌలు రైతు కళ్ళంలోనే కమీషన్‌దారుడికి తగ్గించి అమ్ముకోడానికి ఒక కారణం ఇదే.

వాట్సాప్‌లో "పీఎం కిసాన్ లిస్టు" అని ఫైలు వచ్చింది, నొక్కొచ్చా?

వద్దు. చివర ఏపీకే అని ఉన్న ఫైలు ఏదైనా సరే నొక్కకండి, ఖాతా ఖాళీ అయ్యేది దాంతోనే. ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చెప్పకండి.

పేరు ఎక్కించడానికి ఎవరో డబ్బు అడుగుతున్నారు. ఎవరికి చెప్పాలి?

రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టడానికి రూపాయి ఇవ్వక్కర్లేదు. నెట్ సెంటర్‌లో ఈ-కేవైసీకి కొద్దిగా సర్వీసు ఛార్జీ ఉంటది, దానికి రసీదు అడగండి. రాష్ట్రం డబ్బు గురించి 155251, కేంద్రం డబ్బు గురించి 155261. పొద్దున్నే చేస్తే లైను దొరుకుద్ది. అలాగని ఫోన్ మీద ఆధారపడిపోకండి, సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో కాగితం ఇచ్చి నంబరు తీసుకోండి, తర్వాత వెళ్ళినప్పుడు పేరు కాదు, ఆ నంబరు చెప్పండి.